నీలి పెన్ను గారడీ

కళ్ళజోళ్ళ షాపులో ఈ తంతు మీరూ చూసే ఉంటారు. అమ్మే కుర్రాడు నీలి లేజర్ పెన్ను తీసి తెల్లకార్డు మీద వెలుగు కొడతాడు. చుక్క పడుతుంది. మధ్యలో ‘బ్లూ కట్’ అద్దం అడ్డం పెడతాడు. చుక్క మాయం. “చూశారా సార్, కంప్యూటర్‌లోంచి వచ్చే నీలి కాంతిని కంట్లోకి పోకుండా ఇలా ఆపేస్తుంది” అంటాడు. కానీ ఆ పెన్నులో ఉండేది సాధారణంగా 405 నానోమీటర్ల దగ్గరి ఊదా వెలుగు. ఎల్ఈడీ తెరల్లో నీలం బలంగా ఉండేది 450 దగ్గర. అద్దం మొదటిదాన్ని చక్కగా ఆపుతుంది, రెండోదాన్ని చాలావరకు వదిలేస్తుంది. తెరల నుంచి వచ్చే నీలంలో ఇలాంటి అద్దాలు ఆపేది 10 నుంచి 25 శాతం. అంతకు మించి ఆపాలంటే అద్దానికి కాషాయం పులమాలి. అప్పుడు కొనేవాడెవడు?

మానిటర్ల డబ్బాల మీదికీ ఇదే గారడీ ఎక్కింది. కన్ను బొమ్మ, పక్కన ‘ఐ కేర్’, కింద ‘లో బ్లూ లైట్’. నీలి కాంతే కంటికి శత్రువు, దాన్ని తగ్గించే మానిటర్ కొంటే సాయంత్రానికి తలనొప్పి ఉండదు అన్నది ఇవాళ ఇంటింటా వినపడే మాట. అది తప్పు. 2023లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ బ్లూ కట్ అద్దాల మీద జరిగిన 17 ప్రయోగాలను ఒకచోట చేర్చి చూసింది. కంప్యూటర్ పని వల్ల వచ్చే కంటి అలసట విషయంలో, కొద్దికాలపు వాడకంలో, మామూలు అద్దాలకూ వీటికీ తేడా ఉండకపోవచ్చని తేల్చింది. అమెరికా కంటివైద్యుల అకాడమీ కంప్యూటర్ పనికి ఇవి అక్కర్లేదంటోంది. బ్రిటన్‌లోనైతే 2017లోనే, ఈ అద్దాల గురించి తప్పుదారి పట్టించే ప్రకటన వేసినందుకు బూట్స్ ఆప్టీషియన్స్ అనే కళ్ళజోళ్ళ సంస్థకు 40,000 పౌండ్ల జరిమానా పడింది. ఆ ప్రకటనలో రెటీనా దెబ్బతింటుందని బూచి చూపించారు. మిట్టమధ్యాహ్నం ఎండలో లక్ష లక్స్ వెలుతురు ఉంటుంది, గదిలో ఉండేది కొన్ని వందలు. వీధిలోకి వెళ్ళి ఆకాశం చూసొచ్చిన కంటిని తెర నీలం చూపించి భయపెట్టడమేమిటి?

ఇలాంటి భయం కొత్త కాదు, నడివయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తొంభైలలో పెద్ద డబ్బా మానిటర్ల ముందు ఒక నల్ల ఫిల్టర్ తగిలించేవాళ్ళు. అప్పటి భయం పేరు రేడియేషన్. ఆ ఫిల్టర్‌తో ట్యూబ్‌లైట్ మెరుపు కాస్త తగ్గేది, దాన్ని కొనడానికి అంతకంటే పెద్ద కారణం లేదు.

మరి కళ్ళు మండేది నిజం కదా? నిజమే. తెరలోకి తదేకంగా చూస్తున్నప్పుడు మనం రెప్పలార్పడం సగానికో అంతకంటే తక్కువకో పడిపోతుంది. పైనుంచి ఏసీ గాలి, కాకపోతే ఫ్యాను. కంటి మీది తడిపొర ఆరిపోతుంది. లోపల కటకాన్ని వంచే కండరం గంటల తరబడి ఒకే దూరానికి బిగుసుకుని ఉంటుంది. నలభై దాటినవాళ్ళ సంగతి మరీ ఘోరం. చత్వారానికి రాయించుకున్న అద్దాలు చేతిలో పుస్తకం ఉండే దూరానికి, అంటే 40 సెంటీమీటర్లకు సరిపోయేవి. మానిటర్ ఉండేది 60 దగ్గర. దాంతో ముందుకు వంగుతారు, లేదా గడ్డం పైకెత్తి ప్రోగ్రెసివ్ అద్దాల కింది భాగంలోంచి చూస్తారు. మెడ పట్టేస్తుంది, తల బరువెక్కుతుంది. నింద మాత్రం నీలి కాంతి మీద. ఆ మెడనొప్పిని ఏ మానిటరూ తీర్చలేదు. తెర దూరం కొలిచి చెబితే కంటి డాక్టరు ఆ దూరానికే పవర్ రాసిస్తారు.

అలాగని మానిటర్ ఏదైనా ఒకటేనా? కాదు. కానీ చూడాల్సినవి చాలావరకు డబ్బా మీది కన్ను బొమ్మ పక్కన ఉండవు.

అన్నిటికంటే ముందు అక్షరం స్పష్టత. ఆఫర్లలో జోరుగా అమ్ముడయ్యే 27 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరలో అంగుళానికి దాదాపు 82 పిక్సెళ్ళే. ఒక్కో చుక్క 0.31 మిల్లీమీటర్లు. చూపు బాగున్న మనిషి 60 సెంటీమీటర్ల నుంచి 0.17 మిల్లీమీటర్ల వివరాన్ని విడదీసి చూడగలడు. అంటే అక్షరం అంచుల్లోని మెట్లు కంటికి అందుతూనే ఉంటాయి. ఇంగ్లిష్ దీన్ని ఎలాగో నెట్టుకొస్తుంది, తెలుగుకు కుదరదు. ద, ధ, థ మధ్య తేడా కింద ఒక చిన్న గీత, కడుపులో ఒక చుక్క. ‘రాష్ట్రం’ అన్న మాటలో తలకట్టు నుంచి కింది ఒత్తు, క్రావడి దాకా అంతా ఒక వరుసలోనే ఇమడాలి. అదే సైజు ఇంగ్లిష్ అక్షరానికి దక్కినన్ని పిక్సెళ్ళు మన అక్షరంలో ఒక్కో భాగానికి దక్కవు. రోజంతా తెలుగు ప్రూఫులు దిద్దేవాళ్ళు, డీటీపీ చేసేవాళ్ళు తెర మీదికి వంగిపోవడానికి ఇదో పెద్ద కారణమని నా వాదన. 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో అంగుళానికి 92 పిక్సెళ్ళు, 27 అంగుళాల క్యూహెచ్‌డీలో 109, అదే సైజు 4కేలో 163. ఈ చివరిదాంట్లో చుక్క 0.16 మిల్లీమీటర్లకు దిగుతుంది, మెట్లు మాయమవుతాయి. డబ్బు తక్కువుంటే పెద్ద తెర మోజు వదులుకుని 24 తీసుకోవడం మేలు.

‘ఐ కేర్’ ముద్రల్లో ఒక్కదానికి మాత్రం విలువిస్తాను, మిణుకు లేదని చెప్పే ‘ఫ్లికర్ ఫ్రీ’కి. కొన్ని తెరలు వెలుతురు తగ్గించడానికి బ్యాక్‌లైట్‌ను వేగంగా వెలిగించి ఆర్పుతుంటాయి. అది కంటికి కనపడదు గానీ కొందరికి తలనొప్పి తెస్తుంది. చీకటి గదిలో బ్రైట్‌నెస్ బాగా తగ్గించి, తెల్లపేజీ పెట్టి, తెర ముందు పెన్సిల్‌ను చకచకా ఊపండి. మసక చారలా కనపడితే పరవాలేదు. విడివిడి పెన్సిళ్ళు కనపడితే ఆ తెర వద్దు. 144 హెర్ట్జ్ అయితే కంటికి మంచిదంటారు కొందరు. ఎల్‌సీడీల్లో బొమ్మ మారే వేగం వేరు, ఈ మిణుకు వేరు. ఆ సంఖ్య ఆటలాడేవాళ్ళకు.

మిగిలినవి చప్పున చెప్పేస్తాను. కిటికీ ప్రతిబింబం పడని మ్యాట్ తెర. ఎత్తు దించగలిగే స్టాండు, ఎందుకంటే పైఅంచు కంటికి సమంగానో కిందగానో ఉంటే రెప్పలు కొంత వాలి కన్ను తక్కువ ఆరుతుంది. బ్రైట్‌నెస్ పక్కనున్న తెల్లకాగితమంత.

“నైట్ మోడ్ పెడితే హాయిగా ఉందండీ” అనేవాళ్ళుంటారు. ఉంటుంది. తెర పసుపెక్కినప్పుడు వెలుతురూ తగ్గుతుంది. రంగులు మార్చకుండా బ్రైట్‌నెస్ ఒక్కటీ తగ్గించి చూడమనండి. రాత్రి వెలుతురు నిద్రను వెనక్కి నెడుతుందన్నది వేరే చర్చ, దాన్ని కంటి అలసటకు సాక్ష్యంగా తెస్తే ఒప్పుకోను.

సికింద్రాబాద్ పార్క్‌లేన్ సీటీసీ కంప్యూటర్ దుకాణాల్లోనైనా, మీ ఊరి షోరూంలోనైనా తెర మీద ఆడించేది రంగురంగుల చిలకల వీడియో. చిలకలు ఎంత చవక తెర మీదైనా బాగుంటాయి. దాన్ని ఆపించి తెలుగు దినపత్రిక పేజీ ఒకటి తెరవమనండి. 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చుని, రోజూ వాడే సైజులో, వంగకుండా ఒక వార్త మొత్తం చదవండి. ఒత్తులు ఆనకపోతే ఇంకో తెర చూపించమనండి.