బండల చదువు

పుస్తకం మూసి వీధిలోకి పరుగెత్తే పిల్లవాణ్ణి చాలా ఇళ్ళలో "గాడిదలు కాస్తావురా" అని బెదిరిస్తారు. తాండూరులో నేను విన్నది "బండలు మోస్తవ్ బిడ్డా" అని. ఆ మాటలో అతిశయోక్తి ఏమీ లేదు. ఆ వూళ్ళో ఎందరో మోస్తూనే వున్నారు. అటువంటి చోట ఇంటరు మంచి మార్కులతో ప్యాసైన ఆడపిల్ల "నేను బండల చదువే చదువుతాను" అని కూర్చుంటే ఇంట్లో ఎంత రభస జరుగుతుందో మీరే వూహించుకోండి.

ఆ తండ్రీకూతుళ్ళు పంచాయతీకి వికారాబాదులో మా యింటికి వచ్చారు. నేను తెలుగు పంతుల్ని. గణవిభజన అడిగితే చెప్పగలనుగాని నాకూ భూగర్భశాస్త్రానికీ ఏమి సంబంధం? అయినా కాలేజీలో పాఠం చెప్పేవాడికి అన్నీ తెలుసునని మన సంసారాలలో ఒక నమ్మకం.

"సారూ, మీరన్న జెర సమజ్ చెయ్యుండ్రి. ముప్పై యేండ్ల సంది బండలు కోస్తున్న. దీనికి గూడ కాలేజీ సదువుంటదా? కంప్యూటర్ల చేరుమంటే యినది" అన్నాడాయన.

అమ్మాయి తలవంచుకునే జవాబు చెప్పింది: "మా నాయిన బండమీద సుత్తెతోని కొట్టి, సప్పుడు యిని అది మంచిదో పగిలేదో చెప్తడు సార్. ఎందుకట్ల సప్పుడైతదో అడిగితే మాత్రం చెప్పడు. నాకు అది కావాలె."

శాస్త్రమంటే యింతకన్న ఏముంది? నేను ఆ పిల్ల పక్షం చేరిపోయాను.

ఆ పిల్ల పుణ్యమా అని నేనూ నాలుగు పుస్తకాలు తిరగవేశాను. హైదరాబాదులో రైలెక్కి తాండూరులో దిగే లోపల మనం మూడు యుగాలు దాటుతామట! హైదరాబాదు గుట్టలు సుమారు 250 కోట్ల యేళ్ళనాటి గ్రానైటు. వికారాబాదు ప్రాంతంలో దానిమీద లావా చల్లారి గట్టిపడిన నల్లరాయి వుంది. ఆ లావా పారింది సుమారు 6.6 కోట్ల యేళ్ళ క్రిందట. అనంతగిరి మీద మనం చూసే ఎర్ర మొరం, ఆ నల్లరాయి ఎండకూ వానకూ శిథిలమై మారిన రూపమే. ఇక తాండూరు చేరితే సున్నపురాయి. చేపలైనా పుట్టని కాలంలో, లోతులేని సముద్రం అడుగున బురద పొరమీద పొరగా పేరుకుని రాయిగా మారింది. అందుకే ఉలి పెట్టి కొడితే బండ పలకగా లేచివస్తుంది. మన నట్టింట్లో పరుచుకున్న నీలం బండ, పసుపు బండ ఆ సముద్రపు అడుగేనన్నమాట. మా ఆవిడతో యీ సంగతి చెబితే, "అందుకేనా ఎంత తుడిచినా తడి ఆరదు!" అంది.

వంటింటికీ దీనితో చుట్టరికం వుంది. 2022లో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు అక్కడి నల్లరేగడిలోని ప్రత్యేకమైన బంకమట్టి ఖనిజాన్నీ, సున్నపురాతి నిక్షేపాలనూ కారణాలుగా చెప్పారు.

ఇంకో వింత. వికారాబాదుకు దగ్గరలోనే నస్కల్ అనే పల్లె వుంది. లావా పొరల నడుమ చిక్కిన అక్కడి మట్టిలో చుంచెలుకంత జంతువు పళ్ళు దొరికాయి. రాకాసిబల్లుల కాలపు చివరి ఘట్టమైన క్రెటేషియస్ యుగంలో మన దేశంలో బ్రతికిన పాలిచ్చే జంతువుకు దొరికిన మొదటి ఆనవాలు అదేనని 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని ప్రకటించారు. ప్రపంచమంతా చదివిన ఆ వూరిపేరు, బస్సులో దాని పక్కనుంచి పోయే మా కుర్రాళ్ళకు తెలియదు.

ఇంతా విని ఆ తండ్రి, "మంచిదే సారూ, గని మా పోయినంక యింత బువ్వ పెడ్తదా?" అన్నాడు. న్యాయమైన ప్రశ్న. డిగ్రీతో ఆగిపోతే కష్టమేనని ఆయనకు దాచకుండా చెప్పాను. పై చదువు ఎం.ఎస్సీ. పూర్తిచేస్తే దారులున్నాయి. భూవైజ్ఞానిక ఉద్యోగాలకని యూనియన్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ వేరే పరీక్ష పెడుతుంది. 1851లో పుట్టిన జియలాజికల్ సర్వేకు, భూగర్భజలాల శాఖకు అందులోంచే మనుషుల్ని తీసుకుంటారు. బొగ్గు, చమురు సంస్థలు సరేసరి. చదవడానికి ఉస్మానియా వుండనే వుంది. కొత్తగూడెంలో 2025లో భూవిజ్ఞానానికే ఒక విశ్వవిద్యాలయం మన్మోహన్ సింగ్ పేరిట వెలిసింది.

"ఆడపిల్లను గనులల్లకు రానిస్తరా?" అన్నది ఆయన రెండో ప్రశ్న. 1952 గనుల చట్టం నేల లోపలి పనికి ఆడవాళ్ళను రానివ్వలేదు. 2019లో కొన్ని షరతులతో ఆ అడ్డు తీశారు. ఆ ముక్క చెబితే ఆయన కూతురివైపు చూశాడు. ఆ పిల్లకు యీ సంగతి ముందే తెలుసునట!

చివరికి ఆయన ఒప్పుకున్నాడు, ఒక్క షరతుమీద: మొదటి యేడు మార్కులు తగ్గితే కంప్యూటరు కోర్సుకు మారాలి. అమ్మాయికి అది నచ్చలేదుగాని నోరెత్తలేదు.

మీ యింట్లోనూ యిటువంటి కోరిక పుట్టిన పిల్లలుంటే, కాలేజీకి వెళ్ళినప్పుడు ఒక మాట తప్పక అడగండి: యేడాదిలో ఎన్నాళ్ళు బయట కొండల్లో, గుట్టల్లో తిప్పుతారు? సుత్తె, భూతద్దం, దిక్సూచి పట్టుకుని తిరగకుండా, అద్దాల పెట్టెలో రాళ్ళు చూసి వచ్చే విద్య కాదిది. ఆ తిరుగుళ్ళ ఖర్చు ఫీజుల కాగితంలో వుండకపోవచ్చు. ఎంతవుతుందో ముందే కనుక్కుని, ఆ డబ్బు వేరే తీసిపెట్టుకోండి.