ముఖము లేని చిత్తరువు

మూసియున్న దుకాణపు తలుపు అద్దమునకు వ్రేలాడుచున్న చిన్న పలక: యజమాని బయటకు పోయినాడు, మరల వచ్చునని దాని భావము, ఎన్ని గంటలకు వచ్చునో తెలుపుటకు అందే ఒక గడియారపు బొమ్మ. ఇట్టి పలకలు అమెరికా పట్టణవీథులలో సామాన్యమే గాని, ఈ గడియారమునకు రెండు ముండ్లుండవలసిన చోట అరడజనుకు పైగా ఉన్నవి. ఒక్కొక్కటి ఒక్కొక్క దిక్కును చూపుచున్నది. ఆ యజమాని ఎప్పుడు వచ్చునో చెప్పగల దైవజ్ఞుడు లేడు. 1964లో బ్లూ నోట్ కంపెనీ వెలువరించిన ఎరిక్ డాల్ఫీ ‘ఔట్ టు లంచ్’ రికార్డు అట్టపై నీలివర్ణమున అచ్చయినది ఈ ఛాయాచిత్రమే. డాల్ఫీ ముఖము అందు లేదు, ఆయన వాయించు సాక్సోఫోను లేదు, వేణువును లేదు. అయినను ఆ సంగీతకారునికి ఇంతకన్న నిజమైన చిత్తరువు వేరొకటి కలదని నేననుకొనను. ఆ రికార్డు పేరునకు భోజనమునకు పోయినాడని వాచ్యార్థము; మతి నిలుకడగా లేదని వాడుకలోని ఎత్తిపొడుపు. డాల్ఫీ పోకడ జాజ్‌కే విరోధమని నిందించిన విమర్శకులు ఆ దినములలో ఉండనే ఉండిరి. ఇక లోపలి సంగీతమందురా, అప్పటికి పదునెనిమిదేండ్ల ప్రాయమువాడైన టోనీ విలియమ్స్ డ్రమ్ములపై కాలమును విరిచి, సాగదీసి, మరల అతికించుచుండగా, తక్కినవారు ఎవరి గడియారమును వారు చేతబట్టుకొని నడచుచున్నట్లుండును.

రికార్డు అట్టకు ఇంతటి వాక్కు పుట్టుకతో వచ్చినది కాదు. ప్రక్కకు నాలుగైదు నిమిషములకు మించి పట్టని పాతకాలపు రికార్డులను కొన్నింటిని చేర్చి, ఫొటో ఆల్బమువలె కట్టిన అట్టల నడుమ ఉంచి అమ్ముటచేతనే ‘ఆల్బము’ అను పేరు నేటికిని నిలిచియున్నది. పేరు తప్ప మరేమియు లేని ఆ మాసిన రంగుల అట్టలను సమాధిరాళ్ళని వేళాకోళమాడుచుండిరి. 1940 ప్రాంతమున కొలంబియా కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అను యువకుడు వానిపై బొమ్మలు వేయుటకు పూనుకొనిన పిదపనే ఆ రాళ్ళకు ప్రాణము వచ్చెను.

అయితే బొమ్మ ఉండుట వేరు, బొమ్మ పలుకుట వేరు. బెర్లినునుండి వలసవచ్చిన ఆల్ఫ్రెడ్ లయన్ 1939లో న్యూయార్కున బ్లూ నోట్‌ను నెలకొల్పెను. అదే యేడు నాజీల బారి తప్పించుకొని వచ్చిన బాల్యమిత్రుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ అతనితో చేరెను. వుల్ఫ్ వృత్తిచే ఛాయాగ్రాహకుడు. రికార్డింగు జరుగుచుండగా కెమెరాతో వాద్యకారుల నడుమ తిరుగుచు చిత్రములు తీయువాడు. 1956 మొదలు పదేండ్లకు పైగా ఆ చిత్రములను కత్తిరించి, పెద్ద పెద్ద అక్షరములు జోడించి, ఇంచుమించు ఐదువందల అట్టలను తీర్చినవాడు రీడ్ మైల్స్. కంపెనీకి ధనము తక్కువ. పెక్కు అట్టలకు ఒకటి రెండు రంగులతోనే సరిపెట్టుకొనవలసివచ్చెను. తన చిత్రములలోని నుదురులను రీడ్ నిర్దయగా కోసివేయుచుండగా వుల్ఫ్ నొచ్చుకొనెడివాడట. జాకీ మెక్లీన్ ‘ఇట్స్ టైమ్’ అట్టపై ఆశ్చర్యార్థకచిహ్నములు చీమలబారువలె పుటనంతయు ఆక్రమించుకొనగా, పాపము, వాయించినవాని ముఖము ఒక మూలకు ఒదిగిపోయినది.

అక్షరమును బొమ్మగా చూచుట తెలుగువారికి క్రొత్త కాదు. బాపు అట్టను, సంతకము వ్రేలితో మూసిపెట్టినను, పోల్చుకొనలేని పాఠకుడుండునా? కాని ముళ్ళపూడి వెంకటరమణ బాపునకు ప్రాణస్నేహితుడు. రమణ వాక్యముల నడక బాపు కుంచెకు ఇంటిచుట్టము. రీడ్‌కో, జాజ్ అనిన ప్రీతియే లేదని, ఆయన మనస్సు పాశ్చాత్య శాస్త్రీయసంగీతముపై ఉండెనని చెప్పుదురు. లయన్ వచ్చి ఒక్కొక్క రికార్డు తీరు ఇట్టిదని వర్ణించి చెప్పగా, దానినిబట్టి పని సాగించెడివాడు. ఇది లోపమని నేననను. భక్తుడు విగ్రహమునకు నగలు పెట్టును. రీడ్‌కు భక్తి లేదు గనుకనే నగలకు బదులు రూపమును వెదకుకొనవలసివచ్చినది.

ముఖము అక్కరలేదని ఇంతదూరము వాదించుకొనివచ్చిన నాకు మైల్స్ డేవిస్ ఒక్కడు అడ్డుపడును. 1957లో కొలంబియా వారు ఆయన ‘మైల్స్ అహెడ్’ రికార్డు అట్టపై తెరచాప పడవలో కూర్చున్న తెల్లజాతి వనితను, శిశువును అచ్చువేసిరి. ట్రంపెట్ వాయించినవాడు నల్లవాడు; అట్టపై నవ్వునది తెల్లని విలాసము! ఆయన అభ్యంతరము చెప్పెను. తరువాతి ముద్రణలలో ఆయన చిత్రమే వచ్చినది. 1961లో రాకుమారుని కొరకు ఎదురుచూచు పాటపేరుతో ఒక రికార్డు వెలువడినప్పుడు అట్టపై తన భార్య ఫ్రాన్సెస్ టేలర్‌నే నిలిపెను. ఈ కథ తెలిసిన పిమ్మట వుల్ఫ్ చిత్రములను మరల చూచితిని. ‘బ్లూ ట్రెయిన్’ అట్టపై తలవంచి, చేయి పెదవులకు చేర్చి, చింతామగ్నుడైయున్న కోల్ట్రేన్ కొనువానివంక చూడనైన చూడడు. కొనుమని పండ్లికిలించి నవ్వడు. ఇట్టి ముఖములు అట్టలకెక్కి, గౌరవము సంపాదించుకొనియుండనిచో, డాల్ఫీ స్థానమున గడియారమును నిలుపుట కూడ పడవలోని వనితవంటి అపహరణమే అయియుండును.

మన సినిమాపాటల ఎల్పీలపై సైతము వెలిగినవి తారల ముఖములే. ఘంటసాల, సుశీల పేర్లు ఎక్కడనో సన్నని అక్షరములలో ఉండెడివి. గొంతు ఒకరిది, మొగము మరొకరిది. చిన్ననాడు ఆ అట్టలను ఒడిలో పెట్టుకొని పాటలు వినిన నాకు అది వింతగా తోచనేలేదు సుమా! నేడు ఫోను తెరపై ఏ అట్టయైనను వ్రేలిగోరంతయే. డాల్ఫీ పలకలో గడియారమున్నదని తెలియును గాని ముండ్లు లెక్కకు అందవు.

ఆ రికార్డింగు జరిగినది 1964 ఫిబ్రవరి 25న. కొలది నెలలకే ఐరోపాలో పర్యటించుచు, జూన్ 29న, ముప్పదియారేండ్ల ప్రాయమున, మధుమేహముతో డాల్ఫీ బెర్లినులో, లయన్, వుల్ఫ్ విడిచివచ్చిన ఆ బెర్లినులోనే, కన్నుమూసెను. ఆగస్టులో రికార్డు అంగళ్ళకు వచ్చెను. అట్టపై పలక మాత్రము యజమాని మరల వచ్చునని చెప్పుచునే యుండెను.