నీంద్ వేరు, గఫ్లత్ వేరు

గఫ్లత్ అని ఉర్దూలో ఒక మాట ఉంది. గుత్తిలో ఉర్దూ మీడియం బడిలో మా ఉస్తాద్ దీనికి రెండు అర్థాలు రాయించారు. ఒకటి నిర్లక్ష్యం. రెండోది మగత, ఒళ్లు తెలియనితనం. ఆ వయసులో నాకు రెండూ ఒకటే అనిపించాయి. క్లాసులో కునుకు తీసినవాడికి పడే బెత్తం దెబ్బ కూడా అదే చెప్పేది. తర్వాత తెలుగులో డిగ్రీ చేసి, అఖ్బార్ నౌకరీలో ఇరవై ఏళ్లు గడిపాక అర్థమైంది. ఈ రెండు అర్థాలనూ విడదీయకపోతే కొందరి జిందగీలే బర్బాద్ అవుతాయి.

విడదీయడం నాకు నేర్పింది ఒక మెషీన్. ఆ కహానీ ముందు చెబుతాను.

కొన్నేళ్ల కింద ఒక రాత్రి అనంతపురంలో నైట్ డెస్క్ ముగించుకుని మోటార్ సైకిల్ మీద గుత్తికి వస్తున్నాను. యాభై కిలోమీటర్ల దారి. టైము రెండున్నర దాటింది. పామిడి దగ్గర పెన్నా బ్రిడ్జి దాటడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది రోడ్డు పక్కన కంకర, నా మోచేతి నుంచి కారుతున్న నెత్తురు. అల్లా దయ, వెనక లారీ ఏదీ రాలేదు. డాక్టర్ సాబ్ ఒకే సవాల్ అడిగారు: "పడ్డాక తెలివి తప్పిందా, తెలివి తప్పాక పడ్డావా?" నా దగ్గర జవాబు లేదు. మూర్ఛ ఏమోనన్న షక్ తీర్చుకోవడానికి ఈఈజీ రాశారు.

ఈఈజీ అంటే దిమాగ్‌లో పుట్టే కరెంటును రాసే పరీక్ష. తలకు నూనె పెట్టుకోవద్దన్నారు, ముందు రాత్రి సగమే పడుకోమన్నారు. టెక్నీషియన్ నా తలను టేపుతో కొలిచి, పెన్సిలుతో గుర్తులు పెట్టి, ఒక్కో గుర్తు మీద జిగురు పూసి చిన్న చిన్న లోహపు బిళ్లలు అంటించాడు. ప్రపంచమంతా ఒకే లెక్క, తల మీద 21 చోట్లు. చాలామంది భయపడేది షాక్ ఇస్తారేమోనని. ఒక్క చుక్క కరెంటు కూడా లోపలికి పోదు. ఆ బిళ్లలు వినడమే తప్ప మాట్లాడవు. వినేది కూడా ఎంత సన్నటి ఆవాజ్ అనుకున్నారు? టార్చిలైటు సెల్లులో ఉండేది ఒకటిన్నర వోల్టు. మన తల మీద దొరికేది అందులో సుమారు ముప్పై వేలవ వంతు. దాన్ని పెద్దది చేసి తెర మీద గీతలుగా చూపిస్తారు.

"కళ్లు మూసుకోండి సార్" అన్నాడు. మూసుకుంటే తల వెనక భాగం నుంచి సెకనుకు 8 నుంచి 13 సార్లు ఊగే చక్కటి అలలు వస్తాయట. వాటి పేరు ఆల్ఫా. కళ్లు తెరిస్తే అవి మాయమై, బీటా అనే చిన్న చిన్న గజిబిజి గీతలు మిగులుతాయి. అది జాగ్తా దిమాగ్ గుర్తు. కాసేపు మూయించాడు, తెరిపించాడు, తర్వాత లైటు తీసేసి పడుకోమన్నాడు.

అయిపోయాక అడిగాను, నిద్ర పట్టనే లేదు, పరీక్ష సరిగ్గా వచ్చిందా అని. అతను నవ్వి తెర నా వైపు తిప్పాడు. "మూడో నిమిషంలోనే మీరు లేరు సార్."

చూపించాడు. ఆల్ఫా అలలు ముక్కలు ముక్కలై చెదిరిపోయాయి. వాటి చోట సెకనుకు 4 నుంచి 7 సార్లు కదిలే నెమ్మది అలలు, థీటా. ఇది నిద్ర గడప. ఇంకొంచెం ముందుకు పోతే అర సెకనో, ఒక సెకనో ఉండే గబగబ అలల గుత్తులు. దారం చుట్టిన కదురులా మధ్యలో లావుగా, కొసల్లో సన్నగా ఉంటాయి. అవి కనిపిస్తే మనిషి నిజంగా నిద్రలోకి దిగినట్టే. నేను అక్కడిదాకా పోయి వచ్చాను. ఇంకా లోతుకు పోతే డెల్టా అని సెకనుకు నాలుగు కూడా నిండని పెద్ద అలలు వస్తాయట. ఆ తర్వాత ఖ్వాబ్‌ల దశ. అప్పుడు కనుగుడ్లు రెప్పల కింద పరుగులు పెడతాయి, అలలు మాత్రం దాదాపు మెలకువలో ఉన్నట్టే కనిపిస్తాయి. సుమారు తొంభై నిమిషాలకు ఒక చుట్టు పూర్తవుతుంది.

మూర్ఛ లేదని తేలింది. నిద్ర చాలకే పడ్డానని డాక్టర్ సాబ్ తేల్చారు. కానీ నన్ను పరేషాన్ చేసింది వేరే సంగతి. నేను మెలకువగా ఉన్నానని కసమ్ తిని చెప్పేవాడిని. నా దిమాగే నాకు వ్యతిరేకంగా గవాహీ ఇచ్చింది. నిద్ర గడప మీద ఉన్నవాడికి తాను గడప దాటిన సంగతి చాలాసార్లు తెలియదు.

ఈ మెషీన్ వెనక కూడా ఒక పడిపోయిన మనిషే ఉన్నాడు. జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే అతను పడుచుదనంలో, ఫౌజీ కసరత్తులో గుర్రం మీద నుంచి పడి వెంట్రుకవాసిలో బతికాడు. అదే రోజు, ఎక్కడో దూరంగా ఉన్న అక్కకు తమ్ముడికేదో ఆపద అనిపించి తండ్రితో టెలిగ్రాం ఇప్పించింది. దిమాగ్ నుంచి దిమాగ్‌కు ఏదో పోతుందన్న నమ్మకంతో బెర్గర్ డాక్టరయ్యాడు. అది దొరకలేదు కానీ 1924లో యేనా నగరంలో మనిషి తల మీద మొదటిసారి ఈ అలలను పట్టాడు. 1929లో అచ్చు వేస్తే పెద్దగా ఎవరూ నమ్మలేదు. 1934లో కేంబ్రిడ్జ్‌లో ఏడ్రియన్, మాథ్యూస్ తామూ చేసి చూపించాకే లోకం ఒప్పుకుంది. 1937కల్లా అమెరికాలో లూమిస్ బృందం నిద్రను అలల లెక్కన దశలుగా విడగొట్టింది. అంటే నిద్ర ఎప్పుడు మొదలైందో చెప్పగల గవాహ్ మన దగ్గరికొచ్చి తొంభై ఏళ్లు కావొస్తోంది. ఇల్జామ్‌లు మాత్రం అంతకుముందు రాసినట్టే రాస్తున్నాం.

గుత్తిలో కూర్చుని ఈ మాట ఎందుకంటున్నానో మా ఊరు తెలిసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. మాకు కోట ఎంతో, లోకో షెడ్డు అంత. రైలు కూడు తినని గల్లీ లేదు. మా మామూ గూడ్స్ డ్రైవర్‌గా రిటైరయ్యాడు. చిన్నప్పుడు వాళ్లింట్లో పడుకుంటే అర్ధరాత్రి కాల్ బాయ్ వచ్చి తలుపు తట్టేవాడు. మామూ సంతకం పెట్టి, లైన్ పెట్టె సర్దుకుని పోయేవాడు. మళ్లీ ఏ మిట్టమధ్యాహ్నమో వచ్చేవాడు. మే నెల, మిద్దె పెనంలా కాలేది, కరెంటు ఉండేది కాదు. మామీ పిల్లల నోళ్లు మూసి బయటికి తరిమేది. ఆ వేడిలో ఎంత నిద్ర పట్టి ఉంటుంది? పగటి నిద్ర రాత్రి నిద్రకు సరిపోదని మెషీన్ చెప్పకముందే మామీకి తెలుసు.

నా ఈఈజీ సంగతి చెబితే మామూ చాలాసేపు ఖామోష్‌గా ఉండి అన్నాడు: "నీంద్ పూఛ్ కో నై ఆతీ బేటా." నిద్ర అడిగి రాదు. ఒకసారి తెల్లవారుజామున కళ్లు తెరిచే ఉన్నాయట, పట్టాలు కనిపిస్తూనే ఉన్నాయట. అసిస్టెంట్ సిగ్నల్ రంగు గట్టిగా పిలిస్తే ఉలిక్కిపడ్డాడు. అంతకుముందు గేటు ఎప్పుడు దాటిందో గుర్తు లేదు.

ఇది మామూ ఒక్కడి సంగతి కాదు. స్వీడన్‌లో తోర్స్వాల్, ఓకెర్‌స్టెట్ అనే పరిశోధకులు 11 మంది రైలు డ్రైవర్ల తలలకు ఈ బిళ్లలు అంటించి, పగలూ రాత్రీ బండి నడుపుతుండగానే అలలు రాశారు. 1987లో అచ్చయింది. రాత్రి ప్రయాణంలో మత్తు పెరిగేకొద్దీ ఆల్ఫా పెరిగింది. కళ్లు మూసుకుంటే రావలసిన అలలు, బండి నడుపుతున్న మనిషికి వచ్చాయి. కునుకు పట్టిందని కొందరు తామే ఒప్పుకున్నారు.

ఇప్పుడు ఇంజన్లలో వీసీడీ అని ఒక పరికరం ఉంది. దాదాపు నిమిషం పాటు డ్రైవర్ దేన్నీ ముట్టకపోతే లైటు వెలుగుతుంది, తర్వాత బజర్ మోగుతుంది, అప్పటికీ కదలకపోతే బ్రేకు తనంతట తానే పడుతుంది. మంచి చీజ్. కానీ లెక్క చూడండి. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయే బండి నిమిషంలో కిలోమీటరున్నర పైగా పోతుంది. దిమాగ్ జారడానికి ఐదు సెకన్లు చాలు, ఆ ఐదు సెకన్లలో బండి నూట నలభై మీటర్లు పోతుంది. వీసీడీ మనిషిని లేపగలదేమో, మనిషికి నిద్ర ఇవ్వలేదు.

2012 మే 22 తెల్లవారుజామున, మూడు దాటాక, మన ఉమ్మడి జిల్లాలోనే పెనుకొండ స్టేషన్లో హంపీ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. ఇరవై మందికి పైగా పోయారు. కారణం మీద నేను ఫైసలా చెప్పను, అది నా పని కాదు. ఆ గంట మాత్రం మరిచిపోలేను. రాత్రి రెండు నుంచి ఐదు దాకా మనిషి ఒంటి గడియారం అన్నిటికంటే అడుగున ఉంటుంది. ఎక్కడ రైలు ప్రమాదం జరిగినా, విచారణ మొదలుకాకముందే "నిర్లక్ష్యం" అనే మాట హెడ్డింగులో పెట్టే అలవాటు మా డెస్కులకు ఉంది. నేనూ పెట్టినవాడినే. హెడ్డింగుకు సరిపోయే పొట్టి మాట కదా. ఈ రోజు తౌబా చేసుకుంటున్నాను.

మన జబాన్‌కే ఈ సంగతి ముందు తెలుసు. "నాకు నిద్ర పట్టింది" అంటాం. ఉర్దూలో "ముఝే నీంద్ ఆయీ" అంటాం. రెండు భాషల్లోనూ వచ్చేది, పట్టేది నిద్రే. మనిషి పట్టుబడేవాడు. ప్రమాదం జరిగిన మర్నాడు మాత్రం వాక్యం తిరగబడుతుంది. "డ్రైవర్ నిద్రపోయాడు" అని రాస్తాం, అదేదో అతను చేసిన పని అయినట్టు.

దీన్‌లోనూ ఇన్సాఫ్ ఇలాగే ఉంది. ముగ్గురి విషయంలో లెక్క రాసే కలం ఎత్తివేస్తారని హదీసు. వారిలో ఒకరు నిద్రలో ఉన్నవాడు, లేచేదాకా. ఫజర్ అజాన్‌లో నమాజ్ నిద్ర కంటే మేలని వినిపిస్తుంది. నిద్ర చెడ్డదని వినిపించదు.

అయితే డ్రైవర్‌కు జిమ్మేదారీ లేదా అంటారు కొందరు దోస్తులు. సహీ సవాల్. ఉంది. విశ్రాంతి ఇచ్చిన రోజు షాదీ దావత్‌లో తెల్లవార్లూ కూర్చుని డ్యూటీకి పోతే అది గఫ్లతే, నిర్లక్ష్యమనే మొదటి అర్థంలో. వెనక వెయ్యి మంది జాన్ అతని చేతిలో అమానత్. కానీ ఆ జిమ్మేదారీ మెలకువలో ఉన్నప్పటిది. మెలకువలో ఉన్నవాళ్లు ఇంకా ఉన్నారు. డ్యూటీ చార్టు వేసేవాళ్లు, ఖాళీ పోస్టులు నింపనివాళ్లు, రన్నింగ్ రూములో చల్లగా పడుకునే ఇంతజామ్ చూడనివాళ్లు. అక్కడా గఫ్లత్ ఉంటుంది. దాన్ని ఏ ఈఈజీ పట్టదు.

2024 జూన్‌లో దక్షిణ రైల్వే లోకో పైలట్లు కొందరు ఆందోళనకు దిగారు. వాళ్లు అడిగినవాటిలో ముఖ్యమైనవి రెండు. వారానికోసారి 46 గంటల పూర్తి విశ్రాంతి, వరుసగా రెండు రాత్రులకు మించి నైట్ డ్యూటీ వద్దు. పనిదొంగలని అన్నవాళ్లూ ఉన్నారు. షబే ఖద్ర్‌కో, శివరాత్రికో ఒక్క రాత్రి మేలుకుని మర్నాడంతా తూగేవాళ్లం మనం. మూడో రాత్రి, నాలుగో రాత్రి ఇంజన్లో కూర్చునేవాడిని పనిదొంగ అనడానికి మనకు హక్ ఎక్కడిది?

మన బుజుర్గులు ఖైలూలా అని మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చేవారు. నాసా పరిశోధకులు సముద్రం మీదుగా దూరం ఎగిరే పైలట్లకు, పక్కవాళ్లు విమానం చూసుకుంటుండగా, నలభై నిమిషాలు పడుకునే ఛాన్స్ ఇచ్చి అలలు రాశారు. సగటున 26 నిమిషాలు నిద్రపోయారు. పడుకోనివాళ్ల కంటే వాళ్లే దిగేటప్పుడు హుషారుగా ఉన్నారు. ఖైలూలాకు మెషీన్ కూడా గవాహ్ అయింది.

సిగ్నల్ ఎంత ముఖ్యమో, బ్రేకు ఎంత ముఖ్యమో, దాన్ని వాడే మనిషి నిద్ర అంతే ముఖ్యం. సిగ్నల్ పాడైతే రిపేరు చేస్తాం, సబర్ చెయ్యమని దానికి చెప్పం. మనిషికి మాత్రం చెబుతాం.

ఇది రాస్తుంటే మూడున్నర అయింది. స్టేషన్ వైపు నుంచి గూడ్స్ హారన్ వినిపిస్తోంది. లోపల ఇద్దరు సిగ్నల్ రంగు ఒకరికొకరు గట్టిగా చెప్పుకుంటూ ఉంటారు. వాళ్లు నిన్న పగలు ఎంత పడుకున్నారో ఆ బండి ఎక్కినవాళ్లం, ఆ పట్టాల పక్కన బతికేవాళ్లం అడగాలి.