అరకు దారిలో బిస్కెట్ పొట్లం



నల్గొండ జిల్లా నుండి ఒక సహోదరుడు ఇలా వ్రాశారు: "అయ్యగారూ, మా పిల్లలు హైదరాబాదు తప్ప వేరే పట్నం చూడలేదు. ఆ హైదరాబాదు కూడా కోఠి ఆసుపత్రికి వచ్చినప్పుడే చూశారు. సెలవుల్లో నాలుగైదు రోజులు ఎక్కడికి తీసుకొని వెళ్లమంటారు? పట్నాలూ చూడాలి, కొండలూ చూడాలి, ఖర్చు మా చేతికి అందాలి."

ఉత్తరం చదివి మొదట నవ్వుకున్నాను. తరువాత మనస్సు బరువెక్కింది. మా సుల్తాన్ బజార్ వీధుల్లో నేను దినదినం చూచే సంగతే ఇది. చేతిసంచి తలక్రింద పెట్టుకొని ఆసుపత్రి వరండాలో పండుకొన్న పల్లెటూరి వారికి, కూతవేటు దూరంలో ఏముందో తెలియదు. 1803 ప్రాంతంలో కిర్క్‌పాట్రిక్ కాలంలో మొదలుపెట్టి కట్టిన బ్రిటిష్ రెసిడెన్సీ భవనం అక్కడే ఉంది. చాలాకాలం అది కోఠి మహిళా కళాశాల. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరిట మహిళా విశ్వవిద్యాలయం. ఈసారి వచ్చినప్పుడు అనుమతి అడిగి ఆ పెద్ద స్తంభాలను పిల్లలకు చూపించండి. పట్నమంటే మందుల చీటీ ఒక్కటే కాదని వాళ్లకు తెలియాలి.

ఇక మీరడిగిన ప్రయాణం. నా సలహా ఇది: హైదరాబాదు నుండి రైలులో డోర్నకల్, అక్కడినుండి రాజమండ్రి, విశాఖపట్నం, చివరకు అరకు. అంతే. ఇంకొకటి చేర్చవద్దు. ఎందుకు చేర్చవద్దంటున్నానో చెప్పాలంటే నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి.

2018 డిసెంబరులో మా సంఘస్థులతో కలిసి అద్దె బస్సులో ఇదే వైపు వెళ్లాము. ఏర్పాట్లు నావే. మూడు రాత్రులు, తొమ్మిది స్థలాలు! ఎక్కడ దిగినా నా నోట ఒకటే మాట: "పది నిమిషాలు, త్వరగా, త్వరగా." చిక్కడపల్లిలో కుమారుని దగ్గర ఉండే ఒక పెద్దమ్మ మాతో వచ్చింది. డెబ్బై అయిదు దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. ఆమె దిగేలోగా ఎక్కే సమయం అయ్యేది. చివరకు దిగడమే మానుకొని అద్దం ప్రక్కనే కూర్చుంది.

అరకు ఘాట్ మీద మలుపు దగ్గర బస్సు నెమ్మదించింది. రోడ్డు ప్రక్కన నలుగురైదుగురు గిరిజన పిల్లలు నిలబడి చూస్తున్నారు. మా యౌవనస్థులలో ఒకడు కిటికీలోనుండి బిస్కెట్ పొట్లాలు విసిరాడు. పిల్లలు పరుగెత్తి ఏరుకుంటుంటే బస్సంతా నవ్వులు. ఒకరు ఫోటో కూడా తీశారు. నేను ముందు సీటులో కూర్చుండి తరువాతి స్థలానికి ఎన్ని కిలోమీటర్లో లెక్క చూసుకుంటున్నాను. పెద్దమ్మ ఆ అబ్బాయిని పిలిచింది.

"నా చిన్నతనంల దొర గడి ముంగట మాకు గిట్లనే ఇసిరేటోళ్లు, బిడ్డా. ఏరుకున్న చేతులియ్యి."

అని తన రెండు చేతులు చూపించింది. ఆ తరువాత బస్సులో చాలాసేపు పాటలు సాగలేదు. ఆ అబ్బాయి మంచివాడే, పిసినారితనం లేనివాడు. బస్సు ఆపి దిగి చేతికి ఇద్దామని వాడికి తోచలేదు. తోచేటట్టు నేను సమయం ఉంచలేదు. ఆ నేరం వాడి మీద వేయలేను.

2022లో మరల వెళ్లాము. ఈసారి పదునాలుగు మందిమే, రైలులో. పెద్దమ్మను మొదట అడిగాను. "అద్దంల చూసుడే అయితే రాను అయ్యగారూ" అన్నది. మీకు చెప్పే వివరాలు ఆ రెండవ ప్రయాణంవి.

సుల్తాన్ బజార్‌లో, నారాయణగూడలో, చిక్కడపల్లిలో 2020 నుండి మెట్రో ఆగుతుంది. సికింద్రాబాద్ వెస్ట్‌లో దిగితే రైల్వే స్టేషన్ దగ్గరే. అయితే ఇప్పుడు కొన్ని బండ్లను చర్లపల్లికి మార్చారు గనుక, మీ బండి ఏ స్టేషన్ నుండో టికెట్టు మీద చూసుకొని బయలుదేరండి. టికెట్లు అరవై రోజుల ముందు నుండి మాత్రమే ఇస్తారు. పెద్దవారికి ఇదివరకు ఉన్న రాయితీని 2020 మార్చిలో ఆపివేశారు. ఆ డబ్బు కూడా లెక్కలో వేసుకోండి. వీలైనంతవరకు పగటి బండి ఎక్కండి. రాత్రి నిద్రలో దాటితే గోదావరి చూడకుండానే పోతుంది.

డోర్నకల్‌లో ఆగే బండి చూసుకొని దిగండి. అజరయ్య గారు కట్టించిన ఎపిఫనీ కతీడ్రల్ 1939లో ప్రతిష్ఠించబడింది. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే. ఆ ఆలయపు గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తుకొస్తుంది, స్తంభాలు చూస్తే గుడి మండపం గుర్తుకొస్తుంది. పరదేశపు నమూనా తెచ్చి పెట్టలేదు ఆయన. పెద్దమ్మ అక్కడ ఒక గంట కూర్చుంది, ఎవరూ తొందరపెట్టలేదు.

రాజమండ్రిలో గోదావరి గట్టున మూడు వంతెనలు ఒకేసారి కనబడతాయి. 1900 నాటి హేవలాక్ వంతెన మీద 1997 నుండి రైళ్లు నడవడం లేదు. ధవళేశ్వరం దగ్గరే. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడు కొత్త బ్యారేజీ ఉంది. ఆయన విశ్వాసి. ఆయన ప్రసంగాలు ఎవరికీ గుర్తులేవు, నీళ్లు మాత్రం పొలాల్లో ఉన్నాయి. పాపికొండలకు లాంచీ ఎక్కాలని పిల్లలు మారాం చేస్తారు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి యాభై మంది వరకు చనిపోయిన సంగతి మరువకండి. వరద నీరు ఎర్రగా ఉన్నప్పుడు వద్దు. మిగిలిన కాలంలో కూడా ప్రతివారికి లైఫ్ జాకెట్ కట్టిన తరువాతే అడుగుపెట్టండి. ఉక్కగా ఉందని విప్పనివ్వకండి.

విశాఖలో సముద్రం సంగతి నేను చెప్పనక్కరలేదు. ఓడరేవు దగ్గర ప్రక్కప్రక్కనే ఉన్న మూడు కొండల మీద వెంకటేశ్వరుని గుడి, దర్గా, రోమన్ కేథలిక్ దేవాలయం ఉన్నాయి, అవి చూడండి. 1805లో లండన్ మిషన్ వారు క్రాన్, డెస్ గ్రాంజెస్ ఈ ఊరికే వచ్చి తెలుగు నేర్చుకొన్నారు. ఆనందరాయరు సహాయంతో డెస్ గ్రాంజెస్ అనువదించిన సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆయన 1810లోనే నిద్రించాడు, అచ్చు పుస్తకం చూడలేదు.

అరకుకు బస్సు వద్దు. తెల్లవారుజామునే లేచి కిరండూల్ బండి ఎక్కండి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన దారి అది. యాభైకి పైగా సొరంగాలు! ఒక్కొక్క చీకటిలోనుండి బయటపడగానే క్రింద లోయ. అద్దాల పెట్టె కూడా ఉంది గాని దాని ధర ఎక్కువ. మామూలు పెట్టెలో కిటికీ ప్రక్కన గాలి ఉచితం. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఎక్కువ, మోకాళ్లు నొప్పిగలవారిని బలవంతపెట్టకండి. వానాకాలంలో కొండచరియలు పడి బండ్లు ఆగుతుంటాయి. నవంబరు నుండి జనవరి వరకు మంచి కాలం, స్వెట్టర్లు మరువకండి.

అరకులో రెండు రాత్రులు ఉండండి. మేము అలాగే ఉండి ఆదివారం కొండ మీది ఒక చిన్న సంఘంలో ఆరాధనకు వెళ్లాము. రేకుల కప్పు, నేల మీద చాపలు. పాటలు కొన్ని తెలుగులో, కొన్ని వారి భాషలో. నన్ను వాక్యం చెప్పమన్నారు గాని ఆ దినమున వినడమే మంచిదనిపించింది. అనుమతి అడగకుండా ఎవరి ఫోటో తీయవద్దని మా పిల్లలకు ముందే చెప్పాను.

మరునాడు సంతకు వెళ్లాము. బిస్కెట్లు విసిరిన అబ్బాయి ఈసారి పెద్దమ్మ చేయి పట్టుకొని నడిపించాడు. పసుపు, మిరియాలు, పిప్పళ్లు నేలమీద పోసుకొని కూర్చున్న ఒక తల్లి దగ్గర పెద్దమ్మ ఆగింది. ఆమె తెలుగు ఈమెకు సగమే అర్థమయింది, ఈమె తెలంగాణ మాట ఆమెకు అంతే. అయినా ఇద్దరూ పసుపు కొమ్ము విరిచి వాసన చూసుకుంటూ, ధర విషయం తేల్చుకోకుండా చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను గడియారం చూశాను. అబ్బాయి నా చేయి పట్టుకొని, "ఉండనివ్వండి అయ్యగారూ, సాయంత్రం బండి ఇంకా చాలా దూరంలో ఉంది" అన్నాడు.