కార్డు ఇచ్చారు సరే, కన్ను ఎవరు చూస్తారు?

సికిల్ సెల్ అనంగానే ఒళ్లు నొప్పులు, రక్తం తక్కువ అంటారు. కంటి మాట ఎవరూ ఎత్తరు. కొడవలిలా వంగిన ఎర్రకణాలు సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. కంటి వెనక రెటీనా పొర అంచుకు నెత్తురు అందక అక్కడ కొత్త నాళాలు మొలుస్తాయి. బలంలేని నాళాలవి. చిట్లితే కంట్లో నెత్తురు నిండుతుంది, పొర ఊడి చూపే పోవచ్చు. అప్పటిదాకా నొప్పి ఉండదు, మసకా ఉండదు. మోసమంతా అక్కడే.

గోడ మీది అక్షరాలు చదివిస్తే తేలేది కాదిది. పదేళ్ల నుంచే చుక్కల మందేసి లోపలి పొర చూడాలి, ఏడాదికో రెండేళ్లకో మళ్లీ చూడాలి. అవసరమైతే లేజర్ పెట్టొచ్చు.

2023 జులైలో కేంద్రం మిషన్ పెట్టింది. 7 కోట్ల మందికి పరీక్ష, 2047కల్లా జబ్బును తరిమేస్తామంది. మంచిదే. ఇవ్వాళ జబ్బుతో బతికే పిల్లల కళ్లు 2047 దాకా ఆగుతాయా? పాడేరు, ఉట్నూరు గూడేల నుంచి పట్నం పోతే కూలీ పోతుంది, బస్సు ఖర్చూ మీద పడుతుంది. ఆదివాసుల జబ్బే కదా అని దళిత సంఘాలు ఊరుకోవద్దు, విదర్భ మహర్ వాడల్లోనూ ఇదుంది.

కంటి డాక్టరే ఏజెన్సీ ఆసుపత్రికి రావాలని మేం అడుగుతున్నాం. మీరూ అడగండి. ఈలోగా ఏ పిల్లకైనా కళ్లముందు నల్లచుక్కలు తేలితే, తెర పడ్డట్టుంటే, ఆ రోజే తీసుకుపోండి.