కారుకిస్తే ప్రోత్సాహకం, బస్సుకిస్తే ఉచితమా?

మూడు వారాలుగా మా ఇంట్లో ఒకటే చర్చ. మావారికి ఎలక్ట్రిక్ కారు కొనాలని ఉంది. రోజూ తెల్లాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ వెళ్లి రావాలి కాబట్టి ఆ కోరికను నేను తప్పుపట్టను. నాకు ఒళ్లు మండింది వేరే మాటకి.

మొన్న ఆదివారం బంధువులు భోజనానికి వచ్చారు. "ఈ ఏడాది చివరిలోగా కొనేయాలి, ఆ తర్వాత లైఫ్ ట్యాక్స్ మినహాయింపు ఉండదట" అన్నారు మావారు. అందరూ తలలూపారు. పెరుగన్నం దగ్గరికి వచ్చేసరికి మాట బస్సుల మీదకు మళ్లింది. "ఆడవాళ్లకు ఉచిత బస్సు పెట్టి ఖజానా ఖాళీ చేస్తున్నారు" అని ఒకరు అందుకున్నారు. దానికీ అందరూ తలలూపారు. ఊపినవాళ్లలో ఆడవాళ్లు కూడా ఉన్నారు, అదీ నా బాధ.

వంటింట్లోకి వెళ్లి పాత క్యాలెండర్ వెనక లెక్క వేశాను.

2024 నవంబరు 18 నుంచి మన రాష్ట్రంలో ఎలక్ట్రిక్ వాహనాలకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మినహాయించారు. గడువు 2026 డిసెంబరు 31 అని జీవోలో ఉంది. మేం చూసుకున్న కారు ధర పదిహేను లక్షలు. అదే ధరకు పెట్రోలు కారు కొంటే రెండున్నర లక్షల పైమాటే పన్ను కట్టాలి. అంటే ప్రభుత్వం మాకు రెండున్నర లక్షలు వదులుకుంటోంది.

ఇప్పుడు మా ఇంట్లో పనిచేసే అక్క లెక్క చూద్దాం. పటాన్‌చెరు వైపు నుంచి రామచంద్రాపురం దాకా మహాలక్ష్మి బస్సులో వస్తుంది. 2023 డిసెంబరు 9న ఆ పథకం రాకముందు పోను ఇరవై, రాను ఇరవై పెట్టేది. నెలకు ఇరవై ఆరు రోజులకు వెయ్యీ నలభై రూపాయలు, ఏడాదికి పన్నెండు వేల ఐదు వందలు. మా ఒక్క కారు మీద వదిలేసే డబ్బుతో ఆమె ఇరవై ఏళ్లు బస్సెక్కవచ్చు. మరి ఖజానా ఖాళీ చేస్తున్నది ఎవరు?

మాకిచ్చేదానికి 'ప్రోత్సాహకం' అని పేరు. ఆమెకిచ్చేది 'ఉచితం'. రెండూ ఒకే ఖజానాలోంచి పోతున్నాయి. కాకపోతే పన్ను వదిలేస్తే ఎవరికీ కనబడదు, జీరో టికెట్ మాత్రం బస్సులో అందరి ముందూ చేతికి వస్తుంది. అసలు పొగ తగ్గించడమే లక్ష్యమైతే, ఏనాడూ సొంత బండి కొనకుండా బస్సులో, షేర్ ఆటోలో, కాలినడకన తిరుగుతున్న ఆమెకు ముందు ఇవ్వాలి కదా!

పైగా ఈ మినహాయింపు వస్తువు ధరను బట్టి పెరుగుతుంది. లక్ష రూపాయల స్కూటర్ కొన్న ఫ్యాక్టరీ కుర్రాడికి పన్నెండు వేలు మిగిలితే, మాకు రెండున్నర లక్షలు. ముప్పై లక్షల కారు కొన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. ఏమీ కొనని వాళ్లకు సున్నా.

ఇంకో ముచ్చట చెబుతాను. 2025 సంక్రాంతికి మా అబ్బాయికి సైకిల్ కొన్నాం. ధర 6,250, జీఎస్టీ 750, మొత్తం ఏడు వేలు. అప్పటికి సైకిల్ మీద జీఎస్టీ 12 శాతం. ఎలక్ట్రిక్ కారు మీదేమో 2019 ఆగస్టు నుంచీ 5 శాతమే. సైకిల్‌నూ 5 శాతంలోకి తెచ్చింది 2025 సెప్టెంబరు 22న. అంటే ఆరేళ్ల పాటు సైకిల్ తొక్కే పిల్లాడు కారు కొనే పెద్దమనిషి కంటే ఎక్కువ శాతం పన్ను కట్టాడు. ఎవరైనా అడిగారా?

ఆదాయపు పన్నులోనూ ఇదే వరస. ఉద్యోగులకు నెలకు 1,600 రూపాయల రవాణా భత్యం మీద పన్ను ఉండేది కాదు. 2018 బడ్జెట్‌లో దాన్ని తీసేసి స్టాండర్డ్ డిడక్షన్‌లో కలిపారు. బస్‌పాస్ కొన్నా, కారులో వెళ్లినా అదే తగ్గింపు. 2019 ఏప్రిల్ నుంచి 2023 మార్చి మధ్య ఎలక్ట్రిక్ బండికి అప్పు తీసుకున్నవాళ్లకు మాత్రం వడ్డీ మీద ఏడాదికి లక్షన్నర దాకా మినహాయింపు ఇచ్చారు. ఫ్రాన్సులో ఉద్యోగి బస్సు, రైలు పాసు ఖర్చులో కనీసం సగం యజమానే భరించాలని చట్టం ఉంది. మనకు ఆ ఊహే రాలేదు.

"అయితే ఎలక్ట్రిక్ కార్లు వద్దంటావా?" అన్నారు మావారు. వద్దనను. స్కూల్ బస్సు కోసం నిలబడ్డ పిల్లల మొహాన పొగ కొట్టకపోతే అంతకంటే ఏం కావాలి? కానీ పొగ లేని కారుకూ పెట్రోలు కారుకు పట్టినంత రోడ్డే కావాలి. నల్లగండ్ల దాటేసరికి ఆఫీసు టైమైపోయే రోజున, ముందున్న కారు కరెంటుదైతేనేం, పెట్రోలుదైతేనేం?

మన పక్కనే నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఔటర్ వెంట సోలార్ పైకప్పుతో సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబరు 1న ప్రారంభించారు. బాగుంటుంది, కాదనను. కానీ పాలప్యాకెట్ కోసం వీధి చివరికి సైకిల్ మీద పంపాలంటే మా అబ్బాయికి దారి లేదు, నాకు నడవడానికి ఫుట్‌పాత్ లేదు. ఆడవాళ్ల ప్రయాణాలన్నీ అలాంటివే. స్కూలు, కూరగాయలు, అత్తయ్యగారి బీపీ మందులు. అన్నీ కిలోమీటరు, రెండు కిలోమీటర్లు. వాటికి ఏ జీవోలోనూ ప్రోత్సాహకం లేదు.

పనమ్మాయి అక్కని అడిగాను, ఫ్రీ బస్సు వచ్చాక ఎంత మిగులుతోందని. "బస్సు ఫిరీనే మేడమ్. రామచంద్రాపురం కాడ దిగినంక ఈడికి వచ్చుడే ఫిరీ లేదు" అంది. షేర్ ఆటోకి పోను ఇరవై, రాను ఇరవై. బస్సులో మిగిలిన వెయ్యీ నలభై ఆటోలో పోతోంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. కారు మినహాయింపుకు ఒక గరిష్ఠ పరిమితి పెట్టండి. స్కూటర్లకు, ఆటోలకు పూర్తిగా ఉంచండి. అలా మిగిలిన డబ్బుతో రామచంద్రాపురం నుంచి, లింగంపల్లి నుంచి ఈ కాలనీల్లోకి చిన్న బస్సులు నడపండి. ఉద్యోగులను తీసుకెళ్లే కంపెనీల ఎలక్ట్రిక్ బస్సులకు ఆ జీవోలో ఇప్పటికే మినహాయింపు ఉంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీలకు షిఫ్టు బస్సులు కొత్త కాదు. ఐటీ ఆఫీసులు కూడా ఆ దారి పట్టేలా ఒత్తిడి తెండి.

మేం కారు కొంటామో లేదో ఇంకా తేలలేదు. కొన్నా కొంటాం, మేమేం మహాత్ములం కాదు. కానీ మావారితో ఒక్క మాట అనేశాను. ఆ రెండున్నర లక్షలు పుచ్చుకున్న రోజు నుంచి మన భోజనాల బల్ల దగ్గర 'ఉచితాలు' అనే మాట వినబడకూడదు. ఎవరైనా ఎత్తితే క్యాలెండర్ వెనక లెక్క తీసి ముందు పెడతాను.

మీ ఇళ్లలోనూ ఓసారి వేసి చూడండి ఆ లెక్క. ఎంత తేలిందో నాకు రాయండి.