డి డ్రైవ్‌లో దాచితే దాచినట్టేనా?

దువ్వాడ, కూర్మన్నపాలెం, ఉక్కునగరం వైపు చాలా ఇళ్లలో ఇప్పటికీ ఓ పాత కంప్యూటర్ ఉంటుంది. పాప అన్నప్రాశన ఫోటోలు, అబ్బాయి మార్కుల జాబితాలు, ఇంటి దస్తావేజుల స్కాన్‌లు ఎక్కడున్నాయని ఆ ఇంటి ఇల్లాలిని అడిగితే "డి డ్రైవ్‌లో వేశారండీ మా వారు, భయం లేదు" అంటుంది. ఆ 'భయం లేదు' దగ్గరే ఉంది చిక్కంతా.

సి, డి అనేవి సాధారణంగా రెండు డిస్కులు కావు. ఒకే బీరువాలో పై అర, కింద అర ఉన్నట్టు, ఒకే హార్డ్‌డిస్క్‌ని విడదీసిన భాగాలు. వీటినే పార్టిషన్లు అంటారు. మరి ఎ, బి ఏమయ్యాయని అనుమానం రావచ్చు. 1981లో ఐబిఎం పిసి వచ్చినప్పుడు ఆ రెండక్షరాలూ ఫ్లాపీలకు పోయాయి. 1983లో ఐబిఎం ఎక్స్‌టితో వచ్చిన హార్డ్‌డిస్క్‌కి సి మిగిలింది. దాని సామర్థ్యం 10 మెగాబైట్లు! ఇప్పటి సెల్‌ఫోన్ ఫోటోలు రెండో మూడో పడతాయంతే. తర్వాత విండోస్ 95 తొలి రూపంలో ఒక్కో పార్టిషన్ 2 గిగాబైట్లు దాటకూడదన్న హద్దు ఉండేది. అందుకని పెద్ద డిస్కుని ముక్కలు చేయక తప్పేది కాదు. ఆ హద్దు పోయినా అలవాటు పోలేదు.

అలవాటు చెడ్డదని కాదు. విండోస్ సామాన్యంగా సి లోనే ఉంటుంది. అది మొరాయిస్తే సి ని మాత్రం తుడిచి కొత్తగా వేసుకోవచ్చు, డి జోలికి పోనక్కర్లేదు. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయాక, కొత్త విండోస్ వేయించుకునే పని చాలా ఇళ్లకు వచ్చి పడింది. మెకానిక్ వచ్చి "మొత్తం ఫార్మాట్ కొట్టెయ్యమంటారా మేడమ్?" అంటాడు. ఇంట్లో మగవాళ్లు డ్యూటీలో ఉంటే మనం "సరే బాబూ" అనేస్తాం. మొత్తం అంటే డి కూడా! "సి ఒక్కటేనా, డిస్కంతానా?" అని అడగండి. ఇంకో సంగతి. డెస్క్‌టాప్ మీద, డాక్యుమెంట్స్‌లో పెట్టినవి మామూలుగా సి లోనే ఉంటాయి. ముందే వాటిని తీయించండి. విండోస్ వేసేటప్పుడు తెర మీద డ్రైవ్ అక్షరాలు కనిపించవు, పార్టిషన్ల నంబర్లూ సైజులూ ఉంటాయి. డి ఎన్ని గిగాబైట్లో కాగితం మీద రాసి ఉంచుకుంటే పొరపాటు జరగదు.

ఇక అసలు ప్రమాదం. డిస్కే పాడైతే? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను ఊపేసింది కదా, అలాంటి తుపానులో తడిసిన కంప్యూటర్‌లో సి ఒక్కటే తడిసి డి పొడిగా ఉంటుందా? 1999 ఏప్రిల్ 26న చెర్నోబిల్ వైరస్ అయితే డిస్కు మొదట్లో ఉండే పార్టిషన్ల పట్టికనే చెరిపేసింది. ఏ అర ఎక్కడ మొదలవుతుందో తెలియక కంప్యూటర్‌కి సి, డి రెండూ కనిపించకుండా పోయాయి. బీరువాలో నగలు ఏ అరలో ఉన్నాయో మనకి తెలుసు, తాళంచెవీ మన దగ్గరే ఉంటుంది. ఇంటి జ్ఞాపకాలన్నీ ఉన్న ఈ పెట్టె సంగతి మాత్రం "మా వారికి తెలుసు, అబ్బాయికి తెలుసు" అని వదిలేయడం ఏం న్యాయం?

మీ ఇంటి సంగతి ఇప్పుడే చూడొచ్చు. స్టార్ట్ బటన్ మీద మౌస్ కుడి మీట నొక్కి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. ఊరికే చూడండి, డిలీట్ అన్నది మాత్రం ముట్టుకోవద్దు. 'డిస్క్ 0' అన్న ఒకే వరసలో సి, డి పక్కపక్కనే ఉంటే రెండూ ఒకే డిస్కు. 'డిస్క్ 1' అని వేరే వరసలో డి ఉంటే నిజంగా రెండో డిస్కు ఉన్నట్టే. అయినా రెండూ ఒకే పెట్టెలో ఉన్నవే. ఫోటోలూ దస్తావేజులూ విడిగా దొరికే ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ చేసి, వైరు తీసేసి, అనకాపల్లిలో అమ్మ వాళ్లింట్లోనో అక్కయ్య దగ్గరో ఉంచండి. పండక్కి వెళ్లినప్పుడల్లా కొత్తవి చేర్చుకోవచ్చు.